మనిషికంటే ముందొచ్చిన సంచి

పోయినవారం మధులతను మెట్ల మీదే వదిలేశాం. పాపం, లిఫ్ట్ కోసం ఆగే ఓపిక కూడా లేక, నేలమాళిగలోని ల్యాబు నుంచి రెండో అంతస్తులోని మగవాళ్ల సర్జికల్ వార్డుకు పరుగెడుతోంది. ఆ పరుగు ఎందుకో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి, ఆమె వెనకే మనమూ వార్డులోకి పోదాం.

కర్నూలులో నాగసుబ్బయ్య మెమోరియల్ ఆస్పత్రికి పేరుంది. అందులో క్రిముల పరీక్షలు చూసే డాక్టరు మధులత. కోయిలకుంట్ల సేద్యగాళ్ల ఇంటి ఆడపడుచు, పట్టు పట్టిందంటే వదిలే రకం కాదు. రోగికి బేదులు మొదలైతే వార్డువాళ్లు చిన్న డబ్బాలో విరేచనం ల్యాబుకు పంపుతారు. అందులో సి.డిఫ్ అనే పేగుల క్రిమి బయటపడితే కంప్యూటరు ఒక్కటే చూస్తుంది, ఈ మనిషి ఆస్పత్రిలో చేరి ఎన్నాళ్లయిందని. మూడు రోజుల లోపైతే బయటినుంచి తెచ్చుకున్నాడు. దాటితే ఇక్కడే అంటుకుంది. ఈ లెక్కను ఆస్పత్రిలో పెట్టించింది మధులతే. ఏడాదిపాటు అందరితో పోట్లాడి, అందరి చేతా తిట్లు తిని పెట్టించింది.

ఆ లెక్కే ఇప్పుడు శివకుమారి మెడకు చుట్టుకుంది. ఒకే వారంలో, ఒకే వార్డులో ఐదుగురికి ‘ఇక్కడే అంటుకుంది’ అని కంప్యూటరు ఎర్రగా చూపించింది. ఆ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ శివకుమారి. మధ్యాహ్నానికి నాణ్యత తనిఖీ బృందం వస్తోంది. అంతలోపల ఒకరి తల తెగాలి కదా! వార్డును శుభ్రంగా ఉంచలేదని శివకుమారిని పని నుంచి తీసేస్తున్నట్టు మెమో టైపయింది. కింద ఎవరి లెక్క ఆధారమని ఉందో తెలుసా? డాక్టర్ మధులత లెక్క. ఆ ముక్క చదివే మన డాక్టరమ్మ మెట్లెక్కింది.

వార్డులో అడుగుపెట్టేసరికి ఎం.డి. వాసుదేవ్ గొంతు తలుపు దాకా వినిపిస్తోంది. కోమట్ల ఇంట బట్టల కొట్టులో పుట్టి, తండ్రి పేరున ఆస్పత్రి కట్టినవాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, నుదుట కుంకుమ బొట్టు. మనిషి చెడ్డవాడని నేననను. తండ్రి పేరుకు మచ్చ వస్తుందంటే మాత్రం ఎంతకైనా దిగుతాడు.

“ప్రతి మంచానికీ చేతులకు రాసుకునే మందు సీసా పెట్టించినా కదమ్మా! ఇంకేం కావాల నీకు? మా నాయన పేరు బజారుకు ఈడుస్తావా?”

శివకుమారి ఏడవడం లేదు. ఏడిస్తే ఒప్పుకున్నట్టని గట్టిగా పెదవి కొరుక్కుని నిలబడింది. మంచాల మీది రోగులూ, వాళ్ల ఇంటివాళ్లూ తల తిప్పుకుని వింటున్నారు. ఇరవై ఏళ్లుగా ఈ వార్డులో ఎవరి చెయ్యి పట్టుకోకుండా ఉందో చెప్పండి, అలాంటి మనిషిని అందరి ముందూ నిలబెట్టి దులపడం చూసి మధులతకు ఒళ్లు మండిపోయింది.

“సార్, ఆ మెమో ఆపండి.”

“రండి మేడం, మంచి సమయానికి వచ్చినారు. లెక్క మీదే. నాదేం లేదు ఇందులో.”

“లెక్క నాదే. అందుకే ఆపమంటున్నా. ఒకే వారంలో ఐదుగురంటే నాకే నమ్మకం కుదరడం లేదు.”

“నమ్మకం కుదరకపోతే లెక్కెందుకు పెట్టినారు?” అని వాసుదేవ్ నవ్వాడు. వెనక నిలబడ్డ ఇద్దరు మేనేజర్లు కూడా నవ్వారు. జీతం ఇచ్చేవాడు నవ్వితే నవ్వాలి మరి! “సరే, అనుమానం దేనికి? రోగినే అడుగుదాం.”

తలుపు పక్క మంచం మీద ఓబుళేశు పడుకుని ఉన్నాడు. ఆలూరు పక్క పల్లె, వరిబీజానికి ఆపరేషన్ చేయించుకుందామని వచ్చాడు. ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన సోమవారం పొద్దున్నే బేదులు పట్టుకున్నాయి. అప్పటినుంచి కోత వాయిదా, మనిషి నీరసం. పక్కనే భార్య లక్ష్మీదేవమ్మ గ్లాసులో సగ్గుబియ్యం జావ కలుపుతోంది.

“ఏమప్పా, నువ్వు ఈడికి వచ్చి ఎన్ని దినాలైంది?” అడిగాడు వాసుదేవ్.

ఓబుళేశు నోరు తెరిచేలోపల లక్ష్మీదేవమ్మే అందుకుంది. “ఆదివారం వచ్చినాం సామీ.”

“ఆదివారం కాదమ్మా, బుధవారం. కంప్యూటర్లో ఉండాది చూడు, బుధవారం పొద్దున అడ్మిషను.”

“బుధవారం వచ్చింది సంచి సామీ! మనిషి వచ్చింది ఆదివారం.”

వార్డంతా గొల్లుమంది. మేనేజర్లు ఈసారి మనస్ఫూర్తిగా నవ్వారు. వాసుదేవ్ కూడా నవ్వుతూ, “సంచి వచ్చిందంట!” అని మధులత వైపు తిరిగాడు.

మధులత నవ్వలేదు. వెళ్లి ఓబుళేశు మంచం అంచున కూచుంది. పేషెంటు మంచం మీద డాక్టరు కూచోకూడదని రూలు రాసిందీ ఆమే, ఇప్పుడు తప్పిందీ ఆమే.

“పెద్దమ్మా, ఆ సంచి సంగతి సరిగ్గా చెప్పు.”

ఆమె మాట ఒక్కసారిగా కోయిలకుంట్లకు దిగిపోయేసరికి లక్ష్మీదేవమ్మ ముఖం విప్పారింది. “ఏముండాది డాక్టరమ్మా. సోమవారమే కదా పెద్ద డాక్టరు కోసేది, ఆదివారం వచ్చి చేరమన్నారు. శనివారం అమావాస్య, ఆదివారం పాడ్యమి. పాడ్యమినాడు గడప దాటి ఆస్పత్రికి పోతే మనిషి తిరిగొస్తాడా? అందుకని ద్వాదశి బుధవారం మంచి ఘడియ చూసి, ఈయప్ప పంచె, తువ్వాలి, చెంబు సంచిలో పెట్టి మా మరిది చేత ముందే పంపినాం. సంచి పోయిందంటే మనిషి బయలుదేరినట్టే. ఆపైన ఏ దినం వచ్చినా దోషం లేదు.”

“సంచి యాడ పెట్టినారు?”

“ఈ మంచం మీదే. కింద కౌంటర్లో పేరు రాసుకున్నారు. చేతికి కట్టే పట్టీ కూడా ఇచ్చినారు. మనిషి లేడు కదా, మా మరిది దాన్ని సంచి చెవికి కట్టొచ్చినాడు.”

మళ్లీ నవ్వులు. కానీ ఈసారి శివకుమారి ముఖంలో రంగు మారింది. “నిజమే మేడం! పోయిన వారమంతా మంచాల మీద సంచులే. మీరెవరూ ముట్టొద్దని చెప్పి పోయినారు వాళ్లవాళ్లు. బీపీ చూద్దామంటే మనుషులే లేరు.”

మన దగ్గర పెళ్లిచూపులకు బయలుదేరినా, కొత్త ఇంట్లో చేరినా ఇదే కదా. మధులత నాయనమ్మ ఆళ్లగడ్డలో కూతురు కాన్పుకు పోవాలన్నా ముందు రోజు సంచి పక్కింట్లో పెట్టి వచ్చేది. తెలియక కాదు, తట్టక! కింద నేలమాళిగలో డబ్బాలు చూసుకుంటూ కూచున్న మనిషికి, పై అంతస్తులో సంచులు అడ్మిటవుతున్నాయని ఎట్లా తడుతుంది?

మధులత లేచి రెండో మంచం దగ్గరికి పోయింది. “ఏమప్పా, ముందు నువ్వు వచ్చినావా, సంచి వచ్చిందా?”

“సంచే తల్లీ.”

మూడో మంచం. “నువ్వు?”

“పాడ్యమి కదా మేడం, సంచి పంపినాం.”

నాలుగో మంచం మీది ముసలాయన అడగకముందే చెయ్యెత్తాడు. “నాదీ సంచే!”

వార్డులో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. వాసుదేవ్ ముఖం మీద నవ్వు చెరిగిపోయింది. చేతులు కట్టుకుని, గొంతు తగ్గించాడు.

“మేడం, మాటలు ఎవరైనా చెప్తారు. సిస్టరంటే అందరికీ అభిమానం. రోగులు నాలుగు మాటలు కలిపి చెప్పినంత మాత్రాన కంప్యూటర్లో తేదీ తప్పవుతుందా? మధ్యాహ్నం వచ్చేవాళ్లు సంచి కథ వింటారా?”

న్యాయమైన ప్రశ్నే. శివకుమారి తల వంచుకుంది. మధులత ఒక్క క్షణం కిటికీ వైపు చూసింది. ఆపైన ఆమె పెదవుల మీద మెల్లగా ఒక నవ్వు వచ్చింది, చూడండి, ఆ నవ్వు చూసి వాసుదేవ్‌కు మొదటిసారి భయమేసింది.

ఫోను తీసి ల్యాబుకు కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది. టెక్నీషియన్ ఏసురాజు పలికాడు.

“ఏసురాజూ, ఓబుళేశు. ఆపరేషన్‌కు ముందు తీసే మొదటి రక్తం మనకు ఎప్పుడొచ్చింది?”

కీబోర్డు మీటలు కొట్టిన చప్పుడు. “ఆదివారం సాయంత్రం మేడం.”

“చేరిన గంటలో రక్తం తీసి పంపాలని కదా రూలు. బుధవారం ఎందుకు రాలేదు?”

“రాలేదు మేడం. వార్డుకు ఫోన్ చేస్తే మనిషి ఇంకా రాలేదన్నారు.”

మిగతా ముగ్గురివీ అడిగింది. ముగ్గురివీ ఆదివారమే. నలుగురికీ విరేచనం పరీక్షకు వచ్చింది సోమ, మంగళవారాల్లో.

మధులత ఫోను దించి వాసుదేవ్ కళ్లలోకి చూసింది. “సార్, కౌంటర్లో పేరు ఎప్పుడైనా రాసుకోవచ్చు. మంచం మీద ఏదైనా పెట్టొచ్చు. కానీ సంచిని గుచ్చితే రక్తం రాదు. వీళ్లు ఈ వార్డులో కాలుపెట్టింది ఆదివారం. ఈ క్రిమిని కడుపులో పెట్టుకునే వచ్చినారు. నా కంప్యూటరు మనుషుల్ని కాదు, సంచుల్ని లెక్కబెట్టింది. లెక్క తప్పు నాది. శివకుమారిది కాదు.”

ఇంకేముంది! మొదట చప్పట్లు కొట్టింది నాలుగో మంచం ముసలాయన. ఆపైన లక్ష్మీదేవమ్మ జావ గ్లాసు కింద పెట్టి మరీ కొట్టింది. ఓ మేనేజరు కూడా రెండు చప్పట్లు కొట్టి, ఎం.డి. వైపు చూసి చేతులు జేబులో పెట్టుకున్నాడు. శివకుమారి ఇంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. సంతోషంతో ఏడ్చేవాళ్లను ఆపకూడదు. మధులత ఆపలేదు.

“అయితే ఈ సంచికి అడ్మిషను ఇచ్చిందెవరు?” అని వాసుదేవ్ మేనేజర్ల మీదికి తిరిగాడు.

ఇద్దరూ నేల చూపులు చూశారు. జవాబు లక్ష్మీదేవమ్మ చెప్పింది. “మీరే కదా సామీ! కింద మెట్ల కాడ అంత పెద్ద బోర్డు పెట్టినారు కదా, ‘మంచి ఘడియ అడ్మిషన్ సౌకర్యం కలదు’ అని. అది చూసే కదా మా మరిది సంచి తెచ్చింది!”

ఇక వార్డులో నవ్వని గొంతు లేదు. వాసుదేవ్ చెవులు ఎర్రబడ్డాయి. పోయిన ఉగాదికి ఆ బోర్డు పెట్టించి, జనం మనసు తెలిసిన ఆస్పత్రి మనదని అందరికీ చెప్పుకుని మురిసింది తనే. చేతిలోని మెమోను నిలువునా చింపాడు. ఆ ఒక్క సంగతిలో మాత్రం మనిషిని మెచ్చుకోవాలి, ఓడిపోతే ఒప్పుకునే గుణముంది.

“శివకుమారమ్మా, తప్పైపోయింది. మనసులో పెట్టుకోవద్దు.”

“సార్, ఇంకొకటుంది,” అంది మధులత. “ఐదో మనిషి బాలస్వామి. తన కాళ్లతోనే నడిచొచ్చినాడు, సంచి లేదు. పోయిన నెల నుంచి ఇక్కడే ఉన్నాడు. ఈయనకు మాత్రం ఇక్కడే అంటుకుంది.”

శివకుమారి కన్నీళ్లు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. అప్పుడే గెలిచినవాళ్లు ఇలాంటి మాట అనకూడదు కదా! కానీ మధులత అంది. నలుగురు తెచ్చుకున్నారని ముందే తెలిసుంటే వాళ్లను వేరే గదిలో పెట్టేవాళ్లం, మరుగుదొడ్డి వేరు చేసేవాళ్లం, తెలియక అందరూ ఒకటే వాడారని చెప్పింది. వాసుదేవ్ మంచం మంచానికీ పెట్టించిన ఆ మందు సీసాలకు ఈ క్రిమి చావదని, సబ్బుతో, ధారగా పడే నీళ్లతో చేతులు తోమి కడుక్కోవాల్సిందేనని చెప్పింది. శివకుమారి తలూపి, అప్పటికప్పుడే ఆయాలను పిలిచి సబ్బులు తెప్పించింది. గంటలోపల ఐదుగురికీ వేరే గదులు కుదిరాయి. పనిమంతురాలికి పని అప్పజెప్పి చూడండి, ఏడుపు ఎక్కడికి పోతుందో.

వాసుదేవ్ మధులతను నర్సుల బల్ల దగ్గరికి పిలిచాడు. బల్ల మీద కంప్యూటరు తెరిచి ఉంది. తనిఖీ బృందానికీ, జిల్లా ఆరోగ్యాధికారికీ పంపాల్సిన రిపోర్టు అందులో ఖాళీగా ఉంది.

“నలుగురు బయటనుంచి తెచ్చుకున్నారన్నారు. మరి యాడనుంచి మేడం? నలుగురికీ ఒకేసారి ఎట్లా?”

ఆ ప్రశ్న మధులతనూ గుచ్చుతూనే ఉంది. ఈ క్రిమి ఊరికే రాదు. గట్టి యాంటీబయాటిక్ సూదులు పడి, పేగుల్లోని మంచి క్రిములన్నీ చచ్చిన చోట ఇది పెరుగుతుంది. జావ గ్లాసు కడుక్కోవడానికి పోతున్న లక్ష్మీదేవమ్మను ఆపింది.

“పెద్దమ్మా, ఈడికి వచ్చేముందు పెద్దయ్యకు యాడన్నా సూదులు వేయించినారా?”

“వేయించినాం కదా. ఆలూరులో. ఆపరేషన్‌కు ముందు ఒళ్లు గట్టిపడాలని దినానికి రెండు, శానా ఖరీదు సూదులు. వీళ్లు నలుగురూ ఆడనే వేయించుకున్నారు. ఒకే క్లినిక్కు.”

“ఏ డాక్టరు?”

లక్ష్మీదేవమ్మ ఆశ్చర్యంగా చూసింది. “అదేంది డాక్టరమ్మా, నీకు తెలీదా? అవినాష్ డాక్టరు. ‘కర్నూలులో మా అక్క ఉండాది, ఆ ఆస్పత్రికే పోండి, భయం లేదు’ అని చెప్పి పంపింది ఆయప్పే కదా! ముఖం చూస్తేనే తెలుస్తాంది, తోడబుట్టినోళ్లని.”

మధులత చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. అవినాష్. తన ఒక్కగానొక్క తమ్ముడు. డాక్టరు చదువు మధ్యలో మానేస్తానని ఏడిస్తే హాస్టల్‌కు పోయి పక్కన కూచుని చదివించిన తమ్ముడు. పెద్ద ఆస్పత్రులు రమ్మన్నా, మన పడమటి ఊళ్లకు డాక్టరు లేడని ఆలూరులో క్లినిక్ పెట్టి, నాయననూ తన దగ్గరే ఉంచుకున్నాడని ఊరంతా చెప్పుకున్న తమ్ముడు. జనానికి మంచి చేద్దామనే ఆ సూదులు వేసుంటాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ తెలియడమే ప్రాణం తోడేస్తోంది.

వాసుదేవ్ వ్యాపారస్తుడు. ముఖం చూసి మనసు చదవడం కొట్టులోనే నేర్చుకున్నాడు. గొంతు మెత్తగా చేశాడు.

“మేడం, పేరు రాయాలని ఏముంది? ‘బయటనుంచి’ అని రాసి వదిలేద్దాం. మీ తమ్ముడి పేరు బయటికి రాదు. అట్లనే ఆ బాలస్వామిది కూడా... ఒక్కటే కదా, దాన్నీ బయటిదాంట్లో కలిపేద్దాం. మీ ఇంటి పరువు నిలబడుతుంది, మా నాయన పేరు నిలబడుతుంది. ఏమంటారు?”

అవతల గదిలో శివకుమారి ఆయాలకు చేతులు ఎలా తోమాలో చూపిస్తున్న గొంతు వినిపిస్తోంది. ఆమెను కాపాడిన లెక్క ఏది? ఎవరి ముఖమూ చూడని లెక్క. తమ్ముడి దగ్గరికొచ్చేసరికి అదే లెక్కకు కళ్లు మొలిస్తే, పొద్దున్నుంచి తాను చేసిందంతా నాటకమే అవుతుంది.

కుర్చీ లాక్కుని కూచుంది. బాలస్వామి పేరు టైపు చేసి, పక్కన ‘ఈ ఆస్పత్రిలోనే అంటుకుంది’ అని కొట్టింది. తర్వాత నలుగురి పేర్లు. వాళ్ల పక్కన ‘ఆలూరు, అవినాష్ క్లినిక్’ అని పూర్తిగా, అక్షరం తప్పకుండా కొట్టింది. కళ్లు నిండాయి, వేళ్లు మాత్రం ఆగలేదు.

“మేడం, ఇంకోసారి ఆలోచించండి,” అన్నాడు వాసుదేవ్.

“ఆలోచించినాను సార్. రేపు ఇంకొకడు సంచి కట్టుకుని ఆలూరునుంచి రాకూడదు. వస్తే కోత బల్ల మీద పోతాడు. ఆ పాపం మా ఇంటికీ వద్దు, మీ నాయన పేరుకూ వద్దు.”

మీట నొక్కింది. రిపోర్టు వెళ్లిపోయింది. కాసేపటికి, ఎందుకో తనకే తెలియకుండా, ఆ తెల్ల చొక్కా మనిషి మధులతకు నమస్కారం పెట్టాడు. ఆమె గుండెలో తమ్ముడి బాధ ఒకవైపు ఉన్నా, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత తేలికగా అనిపించింది. తలెత్తుకుని వరండాలోకి వచ్చి, ఆలూరుకు ఫోన్ కలిపింది.

“అవినాష్, నేనురా.”

“చెప్పక్కా.”

“నువ్వు పంపిన నలుగురికీ పేగుల్లో సి.డిఫ్ ఉండాది. నీ సూదుల వల్లనే. రిపోర్టులో నీ క్లినిక్ పేరు రాసి పంపించేసినా. నేనే రాసినా. నా మీద కోపం తర్వాత పెట్టుకో. నేను వచ్చేదాకా ఆ సూది ఒక్కరికీ వెయ్యొద్దు. కొత్తవాళ్లను చేర్చుకోవద్దు, తలుపు మూయి. ఇప్పుడే బయలుదేరుతాండా.”

అవతల ఫ్యాను చప్పుడులో ఎవరో మూలిగినట్టు వినిపించింది.

“వింటాండావా రా?”

“వింటాండా అక్కా. నీ మీద కోపం యాడిది. తలుపు ఎట్ల మూసేది? లోపల ఆరుమంది పండుకోనుండారు. నిన్నటి నుంచి అందరికీ అవే బేదులు. బిరీన రా అక్కా.”

“వస్తాండా. ధైర్యంగా ఉండు.”

“అక్కా...”

“ఏంరా?”

“ఆ ఆరుమందిలో నాయనొకడు.”